మంత్రిగారి ముందు తలెత్తిన డిష్

అంతరిక్షంలోని చిట్టచివరి పౌరుడి దాకా ప్రభుత్వ సేవలు చేరుస్తామని విజ్ఞాన శాఖ మంత్రిగారు ప్రకటించారు. అక్కడ పౌరులెవరూ లేరని ఎవరో గొణిగితే, "ఇన్నాళ్లూ ఎవరూ పట్టించుకోకపోతే ఉంటారా మరి!" అని నొచ్చుకున్నారు. అంతటి దయామయులు.

ఆ దయ మర్నాడే పెద్ద రేడియో టెలిస్కోపు మీద ప్రసరించబోతోందని తెలిసి, దాన్ని నడిపే ఇంజనీరమ్మ గుండెల్లో రాయి పడింది. ఆమె ఏళ్ల తరబడి కన్నబిడ్డలా చూసుకున్న అంతరిక్ష నౌక ఒకటి సూర్యుడి చాటుకు వెళ్లి, వారాలుగా మూగనోము పట్టింది. బతికుంటే సరిగ్గా మంత్రిగారొచ్చే పూటే, కాసేపు మాత్రం కబురు పంపాలి.

మంత్రిగారికంటే ముందు పీఏ దిగాడు. మైదానమంత డిష్‌ను ఎగాదిగా చూసి పెదవి విరిచాడు.

"ఏంటి మేడమ్, సార్ వస్తుంటే ఇది ఆకాశంలోకి చూస్తోంది? కాస్త తల వంచమనండి."

"వంచితే నౌక మాట వినపడదండీ."

"ఆ నౌకకు ఓటుందా?"

"లేదు."

"మరి?"

ఇంజనీరమ్మ మీట నొక్కింది. డిష్ వంగింది.

మంత్రిగారు వచ్చి ఆ నమస్కారం స్వీకరించారు. ఫొటోల కోసం స్వీకరిస్తూనే ఉన్నారు. నౌక వేళ ముంచుకొస్తోంది. ఉద్యోగం పోతే పోయిందనుకుని ఇంజనీరమ్మ కెమెరాలకు అడ్డం వెళ్లింది.

"సార్, ఇలా వంచితే మీ కీర్తి నేల దాటనట్టు కనిపిస్తోంది. పైకెత్తిస్తే..."

మంత్రిగారు ఆలోచించారు. అరుదైన దృశ్యం కాబట్టి ఫొటోగ్రాఫర్లు అదీ తీసుకున్నారు.

"ఎత్తించమ్మా!"

డిష్ మెల్లగా తలెత్తింది. అందరూ కంట్రోల్ రూమ్‌లోకి చేరారు. అక్కడి తెర మీద చాలాసేపు ఇసుక చల్లినట్టు చుక్కలే కనిపించాయి. ఆ చుక్కల్లోంచి సన్నటి గీత ఒకటి లేచి నిలబడింది. ఇంజనీరమ్మ కళ్లు చెమర్చాయి.

"ఏమంటోంది?" అన్నారు మంత్రిగారు.

"బతికే ఉన్నానంటోంది సార్."

"నేనొచ్చానని తెలిసేనా?"

"లేదు సార్. అంత దూరం నుంచి కబురు రావడానికి గంటలు పడుతుంది. అది పలికేటప్పటికి తమరింకా నిద్రలో ఉండుంటారు."

మంత్రిగారి మొహం వెలిగిపోయింది. తిన్నగా మైకు దగ్గరికి నడిచారు.

"నేను నిద్ర లేవకముందే నౌక నాకు స్వాగతం పలికింది!"

చప్పట్లు మార్మోగాయి. ఇంజనీరమ్మ కూడా కొట్టింది, నౌక కోసం.

కార్లు కదిలాక పీఏ ఒక్కడూ వెనక్కి పరిగెత్తుకొచ్చాడు.

"మేడమ్, వచ్చేవారం ప్రతిపక్ష నాయకుడు వస్తాడట," అని గొంతు తగ్గించాడు. "ఆ పూట నౌక నోరు మెదపకూడదు. దానికేం కావాలో కాస్త కనుక్కోండి."