కరియ ముడుపు

పంచాయతీకి రేడియో వచ్చిన ఏడాది వేసవి. ఆ రోజుకు మూడో రోజు పొద్దున గొర్రెల మందను తోలుకుపోయి రెడ్డి చేలో కట్టాలని పోతులయ్య అనుకున్నాడు. మంద రాత్రిళ్ళు చేలో పడుకుంటే చేనుకు ఎరువు, పోతులయ్య ఇంటికి ఆరు నెలల రాగులు. అంతా బాగానే ఉంది, కరియ కడుపే బాగాలేదు. నాలుగు రోజులుగా ఆ నల్లకుక్కకు ఒకటే విరేచనాలు. అది కాపలా లేకుండా మందను బయట కడితే తోడేళ్ళను భోజనానికి పిలిచినట్టే.

పెనుకొండ పశువులాసుపత్రిలో కాంపౌండరు దాని పొట్ట నొక్కి చూశాడు. "రెండు దినాలు పస్తుండనీ, నీళ్ళు మాత్రం పెట్టు. ఆ తర్వాత సంగటి మానిపించి బలమైన పొడి తిండి పెట్టు" అన్నాడు.

బలమైన తిండి అన్న మాట పోతులయ్యకు నచ్చింది. పస్తు మాట నచ్చలేదు.

"నా బిడ్డ ఆకలితో నా మొగం చూస్తాంటే నాకు ముద్ద ఎట్ల దిగుతాదే?" అని భార్య నల్లమ్మ ముందు కళ్ళు తుడుచుకున్నాడు.

"సరేలే, ఉలవలు వేయించి దంచుతా."

"ఉలవలు ఎద్దులకు. కుక్కకు కండ కావల్ల. అటక మీద ఎండుకండలు ఉండాయి గదా?"

"పండక్కని దాచినవి! నాకంటే అదే ఎక్కువైందా నీకు?"

పోతులయ్య అటక కిందికి నిచ్చెన జరిపాడు. పాపం, అబద్ధం చెప్పడం అతనికి చేతకాదు. నల్లమ్మ గొణుక్కుంటూనే ఉలవలు, ఎండు మాంసం రెండూ వేయించి, దంచి, చీమలు పట్టకుండా పసుపు గుడ్డలో మూటగట్టి దూలానికి వేలాడదీసింది. అదే కొంప ముంచింది.

నిప్పు కోసం వచ్చిన పక్కింటి యల్లక్క ఆ మూట చూసింది. పసుపు గుడ్డలో కట్టి దూలానికి వేలాడదీసేది ఆ ఊళ్ళో దేవుడి ముడుపు ఒక్కటే.

"ఏ సామికి మొక్కుకుంటివి వదినా?"

ఊరంతా పచ్చిమిరపకాయ కొరుక్కుని సంగటి మింగుతుంటే, కుక్కకు కండల పొడి చేశానని ఏ నోటితో చెబుతుంది? నల్లమ్మ సిగ్గుతో తల వంచుకుంది. యల్లక్క లెంపలేసుకుని వెళ్ళింది. మధ్యాహ్నానికల్లా ఆ మొక్కు వాన కోసమని ఊరు తీర్మానించేసింది. సాయంత్రానికి పలకలు మోగాయి. ముందు టెంకాయతో రెడ్డి, వెనక ఊరు.

"ఏమప్పా పోతులయ్యా, ఊరి కోసం మొక్కుకుని ఒక మాటన్నా చెప్పలేదే! ఏదీ, ప్రసాదం పెట్టు."

నిజం చెబితే రెడ్డి పరువు పోతుంది, రెడ్డి పరువుతో పాటు రాగులూ పోతాయి. పోతులయ్య మూట విప్పాడు. ఎవరో బెల్లం కలిపారు. కండల పొడి కమ్మగా ఉందేమో, ఒక్కొక్కరు మూడేసి గుప్పెళ్ళు లాగించి చివరికి గుడ్డ కూడా దులిపారు. గడపలో కరియ చొంగ కారుస్తూ చూస్తూనే ఉంది.

పొడి ఊరు తినేసింది, సంగటి పెట్టొద్దన్నారు. ఇంకేం పెడతాడు? రెండు రోజులు కుక్క ముందు నీళ్ళ ముంత పెట్టి, దాని మెడ పట్టుకుని పోతులయ్య ఏడ్చాడు.

మూడో రోజు పొద్దున కరియ భౌమని లేచి మంద చుట్టూ మూడు చుట్లు తిరిగింది. విరేచనాల జాడే లేదు! పోతులయ్య ఎగురుకుంటూ మందను రెడ్డి చేలోకి తోలాడు. దారి పొడవునా జనం చెంబులు పట్టుకుని పరుగులు పెడుతున్నారు. గట్టు చాటు నుంచి రెడ్డి నీరసంగా లేచి వచ్చాడు.

"నిజం చెప్పు, ఏముండాది ఆ ప్రసాదంలో?"

పోతులయ్య ఆయన కాళ్ళ మీద పడి అంతా చెప్పేశాడు. రెడ్డి కరియ వంక చూశాడు. అది తోక ఊపింది. తిట్టే ఓపిక కూడా ఆయనకు లేదు.

"సరే, మందను కట్టు. ఇంతకీ ఆ కాంపౌండరు దీనికి ఏం వైద్యం చెప్పినాడు?"

"రెండు దినాలు పస్తు, రెడ్డా."

ఆ తర్వాత రెండు రోజులు ఊరంతా పస్తుంది; ఊళ్ళో పొయ్యి వెలిగింది ఒక్క కరియ కోసమే.