నూకరాజు మోసుకొచ్చిన కుండ

అరవై దాటాక అక్షరాలు దిద్దినదాన్ని. ఒత్తులూ దీర్ఘాలూ తప్పితే సర్దుకుని చదవండి. ఈ నాలుగు కాగితాలకే నెల పట్టింది.

బెల్లం కొట్లో గుమాస్తా నూకరాజుకు ఆ ఆదివారం పొద్దున ఒకటే పని, తన కుండను ఇంటికి చేర్చడం. ఆరు నెలలుగా సెలవు రోజుల్లో కుమ్మరి సత్తియ్య దగ్గర సరదాకొద్దీ మట్టి పిసుకుతున్నాడు. ఒక్కసారి మాత్రం కుండలు తిప్పే సారె ముందు కూర్చోనిచ్చాడు సత్తియ్య. అప్పుడు చేసిన కుండే ఇవాళ ఆవంలో కాలి బయటికి వచ్చింది.

"నిండా నీళ్ళు పోసి, దారిలో దించకుండా ఇంటికి పట్టుకెళ్ళు," అన్నాడు సత్తియ్య. "సగం మిగిలితే సారె నీది. లేదంటే మరి రాకు బాబూ. నా మట్టంతా పాడుసేత్తన్నావు."

కుడి భుజం పట్టేసి ఉండడంతో నూకరాజు కుండను ఎడమ భుజానికెత్తుకున్నాడు. నాలుగడుగులు వేశాడో లేదో వీపుకు చల్లగా తగిలింది. కుండకు వెనకవైపు బెజ్జం ఉంది. పంచె తడిసి కాళ్ళకు చుట్టుకుంది. దించకూడదు, తల తిప్పితే ఒలుకుతుంది. పళ్ళు బిగించి నడక పెంచాడు.

ఎస్టీడీ బూత్ తాతబ్బాయి అతన్ని చూశాడు. సింహాచలం మొక్కు తీర్చుకుని వారమైంది కాబట్టి నున్నటి గుండు. తడి పంచె. ఎడమ భుజాన కొత్త కుండ, వెనక నీటిధార. అలాంటి మనిషిని తాతబ్బాయి శ్మశానంలో తప్ప ఎక్కడా చూడలేదు.

"బావా, ఏటిది?" అన్నాడు. నూకరాజు వెనక్కి తిరగలేదు. కర్మ చేసేవాడు తిరగకూడదు కూడా.

నూకరాజు తల్లి అప్పలకొండమ్మ నాలుగు రోజుల కిందట సబ్బవరంలో కూతురింటికి వెళ్ళింది. "ముసల్ది అక్కడే పోయినట్టుంది. మనకొక మాటైనా సెప్పలేదు," అనుకుని తాతబ్బాయి కె. కోటపాడు చుట్టాలకు ఫోన్ కొట్టి, బూత్ మూసి, తువ్వాలు భుజాన వేసుకుని వెనక నడిచాడు. మలుపు తిరిగేసరికి అతని వెనక పదకొండు మంది చేరారు. కారే కుండను చూసి నవ్వడానికే వస్తున్నారనుకుని నూకరాజు ఇంకా జోరుగా నడిచాడు. వాళ్ళూ జోరు పెంచారు.

గుమ్మంలో ఉన్న భార్య తలుపులమ్మ ఆ గుండునూ, కుండనూ, జనాన్నీ ఒకేసారి చూసి "అత్తా" అని కూలబడింది. నూకరాజు కుండ దించి లోపలికి తొంగిచూశాడు. చారెడు నీళ్ళున్నాయి. అరుగు మీద కూర్చుని తల పట్టుకుని ఏడ్చాడు. దాంతో ఎవరికైనా అనుమానం ఉంటే అదీ తీరిపోయింది. వాళ్ళ ఓదార్పులన్నీ కుండ గురించేనని నూకరాజు అనుకున్నాడు.

గంటన్నరలో కోటపాడు నుంచి రెండు ఆటోలు దిగాయి. ఆ వెనకే కబురు విన్న సత్తియ్య వచ్చి నూకరాజు చేతులు పట్టుకున్నాడు.

"తల్లి పోయిన మనిషికి పరీచ్చెట్టేను బాబూ. నీళ్ళూ వద్దు, గీళ్ళూ వద్దు. సారె నీది. ఎప్పుడొచ్చినా కూకో. ఇందరి ముందు సెప్తున్నాను."

"మా అమ్మకేటయింది?" అని నూకరాజు గాబరాగా లేచాడు.

ఆడవాళ్ళ గుంపు చివర, కొంగు నెత్తిన కప్పుకుని ఒక ముసలావిడ అందరికంటే గట్టిగా ఏడుస్తోంది. బస్సు దిగి వచ్చి, గుమ్మం నిండా జనాన్ని చూసి అక్కడే చతికిలబడింది. ముక్కు చీదుకుంటూ పక్కమ్మాయిని అడిగింది.

"ఎవురు పోయేరే పిల్లా?"

"నువ్వే పెద్దమ్మా," అని ఆ పిల్ల చెప్పి, మొహం చూసి, రెండడుగులు వెనక్కి జరిగింది.

ఏడుపులు ఆగిపోయాయి. సత్తియ్య అప్పలకొండమ్మను చూశాడు, కుండను చూశాడు, బెజ్జంలో వేలు పెట్టి చూశాడు.

"మోసం సేసేవు బాబూ."

"నేనేటన్నేను మామా? నువ్వే అన్నావు."

"అయితే ఆ మాట సెల్లదు," అంటూ సత్తియ్య లేచాడు.

అప్పలకొండమ్మ అతని దారికి అడ్డంగా నిలబడింది. "ఏం సత్తియ్యా, నేను పోయేనని ఇచ్చిన మాట, నేను బతికున్నానని ఎనక్కి తీసుకుంటావా? అంటే నేను పోవాలనా?"

సత్తియ్య జనం వైపు చూశాడు. అందరూ అతని జవాబు కోసమే చూస్తున్నారు.

మరుసటి ఆదివారం నూకరాజు సారె ముందు కూర్చున్నాడు. కోటపాడు వాళ్ళు మాత్రం చావు కబురుకు వచ్చిన రోజున భోజనాలు చేశాకే కదిలారు.

చిన్నమ్మలు, అరవై తొమ్మిదేళ్ళు, ఇప్పుడు ఉండేది మాకవరపాలెంలో.