ఎల్లా సేరి ఏళు

రంజితకు అన్నిటికన్నా పెద్ద భయం ఒకటే: మూడేళ్ల వినూతకు ఊపిరి అందని వేళ తాను దగ్గర లేకపోవడం, ఆసుపత్రి దూరంగా ఉండడం. చోరనూరు నుంచి బళ్లారికి గంటన్నర దారి. పోయిన ఎండాకాలం ఆ బస్సులో, ఆ ఎర్రదుమ్ములో పాప పెదవులు నీలంగా మారాయి. ఆ రోజే ఇంట్లో కారు మాట పుట్టింది. గనుల లారీ తోలే హొన్నూరుస్వామి రెండు పాడి ఎనుములు అమ్మి, మిగతాదానికి లోను పెట్టి, ఏడు లక్షలకు మించని చిన్న కారు ఒకటి చూసుకున్నాడు.

మొగుడూ పెళ్లాం పొద్దున తొమ్మిదింటి బస్సుకు పోయి, బళ్లారి కంటోన్మెంట్‌లోని షోరూములో బండి తీసుకుని రావాలనుకున్నారు. దుమ్ముకు భయపడి పాపను వెంట తీసుకుపోలేదు. మందు పీల్పించి పడుకోబెట్టి, పక్కింటి యల్లమ్మను మంచం పక్కన కూర్చోబెట్టింది రంజిత.

"యల్లక్కా, యాడికీ పోవద్దు. పన్నెండున్నరకు మళ్ల మందు పట్టల్ల."

"పోయిరామ్మే. నేనేమన్నా సంతకు పోతాండానా?"

వాళ్లు బస్సెక్కిన గంటకు అత్త దుర్గక్క ఫోను మోగింది. కొడుకు షోరూము ఫారంలో తల్లి నంబరు కూడా రాసిచ్చాడు. సేల్స్‌మన్ అమర్‌నాథ్ కన్నడంలో మర్యాదగా ధర చెప్పాడు. "హొన్నూరుస్వామి అవరదు ఆన్ రోడ్. ఎల్లా సేరి ఏళు."

అంటే రిజిస్ట్రేషను, ఇన్సూరెన్సు అన్నీ కలిపి ఏడు లక్షలని. కన్నడంలో ఏడు అన్నా ఏళే, లెయ్యి అన్నా ఏళే. దుర్గక్కకు వినబడింది మాత్రం కొడుకు పేరు, రోడ్డు, అందరూ కలిసి లెయ్యండి అన్న మాట. ఫోను చేతిలోంచి జారింది.

"అయ్యో దేవుడా! నా కొడుకు రోడ్డు మీద పడుండాడంట! అందరూ లేసి రమ్మంటాండారు!"

"ఎవురు చెప్పిరి?" అన్నాడు ఆమె మొగుడు భీమప్ప.

"ఎవురో మారాజు. శానా మెల్లగా చెప్పినాడు. సావు మాట మెల్లగానే కదా చెప్తారు!"

కొడుక్కు ఫోను కొడితే కలవలేదు, దాంతో వీధి లేచింది. వీధి చివర అంగడి నెట్టికంటప్ప షట్టరు దించి టెంపో మాట్లాడాడు. దారి పొడుగునా రోడ్డు కింది ప్రతి మోరీలోకీ తొంగిచూశారు. ఒకచోట ఎవరిదో తెగిన చెప్పు కనబడితే దుర్గక్క దాన్ని ఒళ్లో పెట్టుకుని ఏడ్చింది.

"అది ఆడోళ్ల చెప్పు కదమ్మా" అన్నాడు టెంపో డ్రైవరు.

"అయితే నా కోడలిది!" అని ఆమె మళ్లీ మొదటి నుంచి ఎత్తుకుంది.

షోరూములో అప్పటికి వేరే ఏడుపు నడుస్తోంది. హ్యాండ్లింగు, మ్యాట్లు, పాలిషు ఆ ఏడు లక్షల్లో లేవని, ఇంకో నలభై వేలు కావాలని మేనేజరు రుద్రేశ్ కాగితం మీద వేలు పెట్టి చూపిస్తున్నాడు.

"అన్నీ సేరి అంటిరి కదా సార్?" అన్నాడు హొన్నూరుస్వామి.

"అవన్నీ సేరినాక ఇవి సేరతాయప్పా."

హొన్నూరుస్వామి లేచాడు. రంజిత లేవలేదు. "కారు లేకుండా నేను రాను. ఆ బస్సులో బిడ్డను మళ్ల ఎక్కిచ్చేకి నాతో కాదు" అంది.

అప్పుడే అద్దాల తలుపు తోసుకుని పద్నాలుగు మంది వచ్చిపడ్డారు. దుర్గక్క కొడుకు కాళ్లూ చేతులూ తడిమి చూసి, అన్నీ ఉన్నాయని తేలాక వీపు మీద ఒకటి వేసింది. సంగతి తెలిశాక, చేతిలో చెప్పుతోనే రుద్రేశ్ వైపు తిరిగింది.

"ఎల్లా సేరి అంటిరి కదప్పా? ఎల్లా సేరే వచ్చినాము. ఇంక బండియ్యి!"

రుద్రేశ్ చెప్పును చూశాడు, తన వైపు లేచిన ఫోన్లను చూశాడు. నలభై వేలు కొట్టేశాడు.

బండికి నంబరు వచ్చేది సాయంత్రానికట, అందాకా కారు రోడ్డెక్కకూడదట. అయినా కారుకు దండ వేసి, అందరినీ ఫోటోకు నిలబెట్టారు. ఎన్నో నెలల తర్వాత రంజిత పళ్లు కనబడేలా నవ్వింది. నవ్వుతూనే పక్కకు చూసింది. పక్కన యల్లమ్మ.

"యల్లక్కా... నువ్వు ఈడుండావే... పాప?"

"ఎదురింటి మారెక్కకు చెప్పొస్తినే!"

"నాకు యాడ చెప్తివి?" అంది వెనక వరసలోంచి మారెక్క. "ముసలాయన ఉండాడు కదా అని నేనూ వస్తి."

టైరు తడుముతున్న భీమప్ప తలెత్తాడు. "అందరూ లెయ్యమన్నారని నేనూ లేస్తిని కదమ్మా."

హొన్నూరుస్వామి వీధి చివరి అంగడికి ఫోను కొట్టాడు. ఫోను నెట్టికంటప్ప జేబులో మోగింది. అతను అలవాటు కొద్దీ ఎత్తి, "ఏం కావల్లప్పా?" అన్నాడు.

రంజిత అప్పటికే టెంపో వైపు పరుగెత్తుతోంది. గంటన్నర దారి. మందు వేళ దాటిపోయింది.

ఈ పూట చోరనూరులో ఎవరైనా ఉంటే దయచేసి ఆ ఇంటికి పోయి, వినూతకు ఊపిరి ఎలా ఆడుతోందో చూడండి. మందు గూట్లో ఉంది, తలుపు తీసే ఉంటుంది. వీధిలో ఎవరినీ దారి అడగాలనుకోకండి, అందరూ ఇక్కడే ఉన్నారు.