తాకడానికి పెట్టిన సాంతా లూసియా

బుధవారం ఉదయం దోన్యా ఒతీలియా వేసుకున్న పథకం చాలా చిన్నది. తొమ్మిదింటికి వడ్రంగి దగ్గర్నుంచి కొయ్య బొమ్మ వస్తుంది. పదింటికల్లా దాన్ని మ్యూజియం వరండాలో నిలబెట్టాలి. పదకొండింటికి రాజధాని నుంచి ఇంజనీరు నీద్యా వచ్చి, చూసి, సంతకం పెడుతుంది. పన్నెండింటికి అందరూ వేడివేడిగా మొక్కజొన్న జావ, అతోలె, తాగవచ్చు.

ప్యూబ్లా కొండల్లోని లాస్ లోమాస్ ఊళ్ళో పాత సన్యాసినుల మఠమే మ్యూజియం. దానికి ఒతీలియా అధికారిణి. లోపలి హాల్లో, గాజు పెట్టెలో, రెండు కళ్ళున్న పళ్ళెం చేతబట్టుకుని పునీతురాలు సాంతా లూసియా విగ్రహం నిలబడి ఉంటుంది. కంటి జబ్బులకు ఆవిడే దిక్కు. పియానోలు శ్రుతి చేసే దోన్ నికాసియోకి ఆరేళ్ళ వయసులో చూపు పోయింది. అప్పటినుంచీ ఊరంతా ఆయన తరఫున ఆవిడకు మొక్కుతూనే ఉంది. ఆయన మాత్రం పదకొండేళ్ళుగా మ్యూజియం చుట్టూ తిరుగుతున్నాడు.

"అరవై ఏళ్ళుగా నా మీద ఫిర్యాదులు ఎవరికి వెళ్తున్నాయో నాకు తెలియొద్దా దోన్యా? ఒక్కసారి ఆవిడ మొహం తడిమి చూడనివ్వండి," అనేవాడు.

చివరికి, చూపులేనివాళ్ళు తాకడానికి ఒక నకలు చేయించుకోమని అనుమతి వచ్చింది. చక్రాల కుర్చీల కోసం ర్యాంపు కూడా కట్టారు. చూపులేని సందర్శకుడొకరు సాంతా లూసియా మొహం తాకడం తన కళ్ళతో చూశాకే నీద్యా సంతకం పెడుతుంది. లేకపోతే నకలు రాజధానిలోని గోదాముకు పోతుంది.

తొమ్మిదింటికి వడ్రంగి ట్రక్కు మొరాయించింది. "ఏం పర్లేదు దోన్యా, నలుగుర్ని పెట్టి మోయించేస్తా," అని ఫోన్ చేశాడు. ఒతీలియా చదువుకున్న మనిషి, పైగా ఆ ఊళ్ళోనే పుట్టింది. అయినా సరేనంది.

లాస్ లోమాస్‌లో పునీతురాలు మనుషుల భుజాల మీద వీధిలోకి వచ్చిందంటే అది ఊరేగింపే. మొదటి మలుపులో ముగ్గురు ముసలమ్మలు శిలువ గుర్తు వేసుకుని వెనక నడిచారు. రెండో మలుపులో, ఎవరి పెళ్ళికో సాధన చేసుకుంటున్న బాజా బృందం కలిసింది. మూడో మలుపులో ఎవరో తారాజువ్వలు వదిలారు. ఆ చప్పుడుకి ఇళ్ళల్లో ఉన్నవాళ్ళు, ఇవాళ ఏం పండగో మరిచిపోయామే అని నొచ్చుకుంటూ, చేతికందిన పూలతో పరుగెత్తుకొచ్చారు.

"దోన్యా, బొమ్మ వచ్చేస్తోంది," అన్నాడు కాపలాదారు కసిమీరో, గేటు దగ్గర్నుంచి.

"ఎవరు తెస్తున్నారు?"

"ఊరు."

బొమ్మను తెచ్చి వరండాలో నిలబెట్టారు. దాని పక్కన "దయచేసి తాకండి" అని పెద్ద బోర్డు ఉంది. ముప్పై ఒక్క ఏళ్ళుగా "తాకొద్దు" అని అరవడమే ఉద్యోగంగా బతికిన కసిమీరో ఆ బోర్డు వైపు చూడడం మానేసి వారమైంది. ఊరు మాత్రం చూసింది.

"ఇన్నాళ్ళూ గాజు వెనక దాచారు. ఇప్పుడు ఆవిడే బయటికొచ్చి తాకమంటోంది!" అంది ఒక ముసలమ్మ.

"అమ్మా, ఇది నకలు! పోయిన నెల దాకా ఇది దేవదారు దుంగ!" అని మొత్తుకుంది ఒతీలియా.

"పుట్టుకతోనే ఎవరు పునీతులయ్యారు దోన్యా?"

వరస వీధి చివరి దాకా పెరిగింది. ర్యాంపు నిండా కొవ్వొత్తులు వెలిగాయి. వాలుగా ఉంది, కాళ్ళు చాపుకోడానికి బాగుందని ఆవిరి కుడుముల్లాంటి తమాలెలు అమ్మే ఆవిడ బుట్ట దించి అక్కడే కూర్చుంది.

సరిగ్గా పదకొండింటికి నీద్యా చక్రాల కుర్చీలో గేటు దాటింది.

"ర్యాంపు ఎక్కడ?"

"కొవ్వొత్తుల కింద, ఇంజనీరమ్మా," అన్నాడు కసిమీరో.

ఆవిడ ఇంకేదో అనబోయేలోగా, భుజాలు ఇంకా చల్లబడని ఆ నలుగురూ కుర్చీతో సహా ఆవిణ్ణి పైకెత్తారు. బాజా బృందం మళ్ళీ అందుకుంది.

"దించండి! ఎవర్నీ ఎవరూ మోయాల్సిన పని ఉండకూడదనే కదా నేనీ ఉద్యోగం చేస్తున్నది!"

"భయపడకమ్మా, గుడ్ ఫ్రైడే ఊరేగింపులో ఇంతకు మూడింతలు మోస్తాం."

ఆ సందడిలోనే దోన్ నికాసియో తెల్లకర్ర తాటిస్తూ వచ్చాడు. జనం పక్కకు జరిగి దారి ఇచ్చారు. ఆయన వేళ్ళకు ముందుగా పీఠం మీది బ్రెయిల్ పలక తగిలింది. పద్ధతి గల మనిషి కనుక, అక్కడ్నించే మొదలుపెట్టి గట్టిగా చదివాడు.

"దేవదారు కొయ్య. పద్దెనిమిదో శతాబ్దపు మూలానికి నకలు. ఎత్తు నూట ఇరవై సెంటీమీటర్లు..."

"చదువుతున్నాడర్రోయ్!" అని కేక పడింది. ఎవరో గుడి గంట కొట్టడానికి పరుగెత్తారు.

"వేళ్ళతో చదువుతున్నా! పొద్దున ఎంత గుడ్డివాణ్ణో ఇప్పుడూ అంతే గుడ్డివాణ్ణి!"

"చూశారా? ఇంత జరిగినా గర్వం లేదు."

ఇక కర్ర దేనికని దాన్ని లాక్కుని, మొక్కు తీరిన గుర్తుగా పునీతురాలి భుజానికి తగిలించారు. నికాసియో చెయ్యి చాపి మొహం కోసం వెతికాడు.

"నీకు అయిపోయిందిగా అన్నా! నా శుక్లాల సంగతేంటి?" అని వెనకావిడ పక్కకు తోసింది. ఆ తోపులాటలో ఆయన లోపలి హాలు గుమ్మం దగ్గర తేలాడు. అప్పటికే నీద్యా కుర్చీని అక్కడ దించి ఉన్నారు.

"మీరేనా దోన్ నికాసియో? మొహం తాకారా?"

"పీఠం దాకా వెళ్ళానమ్మా."

నీద్యా హాల్లోకి తొంగి చూసింది. నరమానవుడు లేడు. గాజు పెట్టెలో అసలు సాంతా లూసియా ఒంటరిగా నిలబడి ఉంది.

"నా కుర్చీ పట్టుకుని నెట్టండి, దారి నేను చెప్తాను," అంది. ఇద్దరూ పెట్టె ముందుకొచ్చి ఆగారు; ఒతీలియా, కసిమీరో వాళ్ళ వెనకే పరుగెత్తుకొచ్చారు. "దోన్యా ఒతీలియా, సాంతా లూసియా మొహం తాకాలని ఉంది నా కాగితంలో. నకలే తాకాలని ఎక్కడా లేదు."

ఒతీలియా కసిమీరో వైపు చూసింది. తాళం చెవి అతని మొలలో ఉంది. అతను దాన్ని గుప్పిట్లో బిగించి పట్టుకున్నాడు.

"చేతులు కడుక్కున్నారా?" అన్నాడు చివరికి.

నికాసియో కడుక్కొచ్చాడు. పెట్టె తెరుచుకుంది. ఆ వేళ్ళు చెంపను చేరుతుండగా కసిమీరో నోరు అలవాటు కొద్దీ తెరుచుకోబోయింది. అరచేత్తో మూసుకున్నాడు.

నికాసియో నుదురు తడిమాడు, కనుబొమలు తడిమాడు, పెదవుల దగ్గర ఆగాడు.

"నవ్వుతూ ఉంటుందనుకున్నా. ఈవిడకి విసుగ్గా ఉంది," అన్నాడు మెల్లగా. "పాపం, అరవై ఏళ్ళు విన్నది కదా." ఇంకాస్త దగ్గరికి వంగాడు. "నేను బానే ఉన్నానమ్మా. వాళ్ళ మాటలు పట్టించుకోకు."

నీద్యా సంతకం పెట్టేసింది.

మర్నాడు పురపాలక కార్యాలయం నుంచి దోన్ నికాసియోకి ఒక ఉత్తరం వచ్చింది. చూపు తిరిగివచ్చినందుకు అభినందనలనీ, వికలాంగుల బస్సు పాసు మూడు రోజుల్లో వాపసు చేయవలసిందనీ దాని సారాంశం. ఆయన చదువుకోగలరన్న నమ్మకంతో మామూలు అక్షరాల్లోనే రాశారు.