మూడు మరమ్మతులు, ఒక ట్రాక్టర్

ఆ ఉదయం ఆయన వేసుకున్న పథకం చిన్నదే. పాత ఇనుము కొనేవాడు వచ్చేసరికి ట్రాక్టర్ బాగానే ఉందని భార్యకు చూపించాలి. ఆ ట్రాక్టర్ వయసులో ఆయనకంటే పెద్దది, బుద్ధిలో ఆయనకంటే చిన్నది. థ్రాటిల్ లివరు ముందుకు తోస్తే ఇంజను వేగం అందుకోవాలి. ఆ లివరేమో కుదుపులకు వెనక్కి జారిపోయేది, ట్రాక్టర్ నడి చేలో కునుకు తీసేది.

"ఇవాళ నడిచిందా, ఉంటుంది. లేదా, లారీ ఎక్కుతుంది," అంది భార్య.

ఆవిడ నోటికి జడిసి ఆ ఇంట్లో ఏ మరమ్మతైనా దొంగచాటుగానే జరుగుతుంది. తెల్లవారకముందే ఆయన షెడ్డులో దూరి, లివరు మొదట్లో వదులైన బోల్టు బిగించి, ఏమీ ఎరగనట్టు వచ్చి కూర్చున్నాడు. ఆ సంగతి తెలియక, కొడుకు మీద జాలితో ఆయన తల్లి వెళ్లి, లివరును చివరిదాకా తోసి, తన లంగా బొందు ఊడదీసి అడుగునుంచి బిగించి కట్టింది. ఆ తర్వాత బావమరిది పిల్లిలా వెళ్లి, బానెట్ కింద ఉన్న థ్రాటిల్ కడ్డీ వెనక్కి జారకుండా దానికి సైకిల్ స్టాండు స్ప్రింగు తగిలించాడు.

పాత ఇనుము వ్యాపారి లారీ వచ్చింది. ఆయన భార్యనే చూస్తూ దర్జాగా ట్రాక్టర్ ఎక్కి స్టార్ట్ చేశాడు. షెడ్డు రేకులు దడదడలాడాయి. కోళ్లు గోడ దూకాయి. లివరు వెనక్కి లాగితే రాలేదు. ఇంజను ఆపే పిడి లాగితే తెగిన తీగతో సహా ఒళ్లోకి వచ్చింది.

అరిస్తే ఎవరికీ వినపడదు. కంగారు పడొద్దని తల్లికి అరచేయి కిందికి ఊపాడు. కూర్చోమన్నాడనుకుని ఆవిడ చతికిలబడింది. ఇంజను ఆపమని బావమరిదికి మెడ కోసినట్టు వేలితో సైగ చేశాడు. స్ప్రింగు గుట్టు రట్టయిందనుకుని అతను గడ్డివాము వెనక్కి పరుగు లంకించుకున్నాడు. వెనక్కి పొమ్మని వ్యాపారికి రెండు చేతులూ ఊపాడు. లారీని వెనక్కి తెమ్మంటున్నాడనుకుని వ్యాపారి దాన్ని ట్రాక్టర్ ముక్కుదాకా తెచ్చి, ఎక్కించే పలకలు కూడా దించాడు.

భార్య విసవిసా వచ్చింది. తెగిన తీగ ఎక్కడికి పోతోందో వెతికి, దాని చివరనున్న చిన్న మీట నొక్కింది. ఇంజను నోరు మూసుకుంది.

"ఈ బొందెవరిది?"

"నాదేనమ్మా! తొందరగా ఇటివ్వు, ఎంతసేపని చేత్తో పట్టుకుని కూర్చోను?" అంది అత్తగారు.

"మరి ఈ స్ప్రింగు?"

"నాదే అక్కా," అంది గడ్డివాము.

"మీరేం వెలగబెట్టారు?"

"ఒక్క బోల్టేనే, నీమీదొట్టు," అన్నాడాయన.

బొందూ స్ప్రింగూ తీసేసి ఆవిడే మళ్లీ స్టార్ట్ చేసింది. లివరు ఎక్కడ పెడితే అక్కడే బుద్ధిగా నిలబడింది.

"ఎక్కించమంటారా అమ్మా?" అని అడిగాడు వ్యాపారి.

"దీనికి ఏ రోగమూ లేదు. వీళ్ల ముగ్గుర్నీ ఎక్కించుకుపో."

వ్యాపారి ముగ్గుర్నీ ఎగాదిగా చూసి, "ఇనుము లేదు కదమ్మా," అంటూ పలకలు ఎత్తేశాడు.