హిట్టయిన ఊపిరి

ఆమధ్య చెప్పుల షాపులో మా ఆవిడ ఊపిరి వినిపించింది. మా ఆవిడేమో ఇంట్లో ఉంది!

వెంటనే ఫోన్ చేశాను. "నిక్షేపంలా ఉన్నాను. ఈసారైనా సైజు చూసి కొనండి," అంది. అప్పుడు తలెత్తి చూశాను. స్పీకరు! "హుఁ... ధన్ ధన్... హుఁ... ధన్ ధన్..." చెప్పుల పెట్టె పట్టుకుని సేల్స్‌మన్ ఊగిపోతున్నాడు.

పాఠకులారా, ఈ ధన్ ధన్ సంగీతం, అదే హౌస్ మ్యూజిక్, మానవజాతికి దొరికిన వరం! నమ్మరా? అయితే మా ఇంటికి రండి. మా బావమరిది ఇద్దరు స్నేహితులతో కలిసి రీమిక్స్ టీమ్ పెట్టింది మా వెనక గదిలోనే. చప్పుడు బయటికి పోకూడదని మా పరుపులు తీసుకెళ్లి గోడలకు బిగించారు. మేం నేల మీద పడుకుంటున్నాం. నడుముకు ఎంత మంచిదో! రికార్డింగ్ జరిగినంతసేపూ ఫ్రిజ్ గురగురలాడకుండా ఆపేస్తారు. పాలు విరిగిపోతాయి. కళ కోసం ఆ మాత్రం చెయ్యలేమా?

వెనకటి పాటలకు పల్లవి, చరణం, పైగా అర్థం! వినేవాడికి ఎంత శ్రమ! ఇప్పుడు మెడ ఒక్కటి కదిలితే చాలు.

మా ఆవిడ ఏళ్ల తరబడి పిల్లలకు పాటలు నేర్పింది. తన గొంతు మాత్రం ఎక్కడా రికార్డు కాలేదు. అందుకే తమ్ముడు "అక్కా, ఒక్క పాట పాడు, ప్రపంచమంతా వినిపిస్తా," అనగానే వారం పాటు ఉప్పునీళ్లు పుక్కిలించి, ప్రాణం పెట్టి పాడింది.

వాడు మాట తప్పలేదు. ఆ రీమిక్స్ జిమ్ములెక్కింది, లిఫ్టులెక్కింది, పళ్ల డాక్టరు గదిలోకీ వచ్చింది. టీమ్‌కు ఇంటర్వ్యూలు, మేనేజరు, ఇంట్లో కూడా నల్లకళ్లద్దాలు!

ఎక్కడ వినిపించినా మా ఆవిడ నా చెయ్యి పట్టుకుని ఆపేస్తుంది. "ఉండండి, ఊపిరి తీసుకున్నాను కదా, ఇప్పుడు అందుకుంటాను చూడండి." మళ్లీ "హుఁ". మళ్లీ "ధన్ ధన్". చివరిదాకా నిలబడుతుంది. ఇంత ఓపిక నేర్పిన సంగీతం ఇంకోటుందా?

ఇవాళ పొద్దున మాత్రం వెనక గది తలుపు తోసుకుని వెళ్లింది. "ఒరేయ్, నా పాట ఎప్పుడొస్తుందిరా?"

వాడు నల్లకళ్లద్దాలు తీశాడు.

"పాట లేదక్కా. మొదట్లో నువ్వు తీసుకున్న ఊపిరి అదిరిపోయింది. అది కత్తిరించుకుని మిగతాదంతా డిలీట్ చేసేశాను. ఒట్టు, నీ పాట బాగాలేదని కాదు. అసలు నేను అక్కడిదాకా వినలేదు."