గొట్టంలో గట్క

పాతికేళ్లుగా పిల్లలకు నీటి ఒత్తిడి పాఠం చెబుతున్నవాణ్ని. నా ఇంట్లో స్నానాల గదిలో నీళ్లు నిలిస్తే పనివాణ్ని పిలుస్తానా? అదీగాక, పిలవకూడని కారణం ఒకటి ఉంది. నవ్వకుండా వింటే చెబుతాను. నవ్వినా చెబుతాను.

అమ్మ పోయి నాలుగు నెలలు. ఆమె ఉన్నన్నాళ్లూ రోజూ పొద్దున జొన్న రవ్వ ఉడికించి గట్క చేసేది. అందులో మజ్జిగ పోసుకుని తిని బడికి వెళ్లేవాణ్ని. అమ్మ పోయాక నా భార్య సుహాసిని ఆ పని అందుకుంది. నేను దిగులుతో చిక్కిపోతానని ఆమె భయం.

గట్క బాగానే ఉండేది. మింగుడే పడేది కాదు. ఆ మాట ఆమెతో అనలేక, ఆమె వంటింట్లోకి తిరగగానే స్నానాల గది తూములో వంపి, చెంబెడు నీళ్లు పోసి, మూతి తుడుచుకుంటూ వచ్చేవాణ్ని.

“తిన్నవా?”

“తిన్న.”

“ఇంకింత ఎయ్యనా?”

“నిండింది.”

నిండింది కడుపు కాదు, గొట్టం.

ఒక ఆదివారం నీళ్లు పాదాలు మునిగేదాకా నిలిచాయి.

“మక్సూద్‌ను పిలుస్త,” అంది సుహాసిని. కొత్తకోటలో గొట్టాలు కడిగే యంత్రం ఉన్నవాడు అతను.

“ఎందుకు? గిది ఎనిమిదో తరగతి పాఠం.”

“గా తరగతి పాసైనవా మరి?”

ఆమె అంగడికి వెళ్లగానే బోరు మోటారు పైపును తూములో దూర్చి, చుట్టూ నా పాత పంచె కుక్కి, మీట నొక్కాను. అంతా పాఠంలో ఉన్నట్టే జరిగింది. నీరు తన దారి తాను వెతుక్కుంది. ఆ దారి వంటింటి సింకులోంచి పైకి లేచి పోపుల డబ్బాకు స్నానం చేయించింది.

అదే క్షణాన సుహాసిని గుమ్మంలోకి వచ్చింది. సింకు నిండా తెల్లటి ముద్దలు. నా పని అయిపోయిందనుకున్నాను. కానీ ఆమె నాకంటే ముందు ఉరికి, దోసిళ్లతో వాటిని బకెట్లోకి ఎత్తేసింది.

“సున్నమై ఉంటది,” అంది.

“సున్నమే,” అన్నాను.

నిలిచిన నీళ్లు మాత్రం దిగలేదు. ఇక తప్పక పిలిస్తే మక్సూద్ వచ్చాడు.

“నీకు గీ వాసన పడదు. జరసేపు పక్కింటి నాగరాణి ఇంట్ల కూసో,” అన్నాను సుహాసినితో.

“నువ్వే వోయి పాలు తే.”

“పాలున్నయి గదా.”

“ఇంకిన్ని తే.”

ఇద్దరం కదల్లేదు.

మక్సూద్ పెరట్లో రెండు గొట్టాలూ కలిసే తొట్టి మూత తీశాడు. అతని సన్నని పైపు కొసన ఇత్తడి ముక్కు, దానికి వెనక్కి తిరిగిన రంధ్రాలు. నీరు వెనక్కి చిమ్ముతుంటే పైపు తనంతట తానే ముందుకు పాకుతుంది, లోపలిదంతా వెనక్కి ఈడ్చుకొస్తుంది.

“ముందలికి నూకితె పోదు సార్, ఎనకకు గుంజాలె,” అన్నాడు. ఇది నా పాఠంలో లేదు.

స్నానాల గది గొట్టంలోంచి పెళ్లలు పెళ్లలుగా గట్క వచ్చింది. ఇక దాచి లాభం లేదు.

“నేనే పారబోసిన,” అన్నాను. “దినాం. మింగుడు వడలే.”

సుహాసిని తొట్టిలోకి తొంగి చూసింది.

“ఆగుండ్రి సార్, ఇంకో గొట్టమున్నది.” మక్సూద్ పైపును వంటింటి గొట్టంలోకి పంపాడు. అందులోంచీ గట్కే, ఇంకా గట్టిది. దాన్ని కర్రతో పొడిచి చూసి అన్నాడు: “గిది ఇయ్యాల మీరు మోటారు ఏస్తె వచ్చింది గాదు. నెలల సంది పేరుకున్నది. ఒక్కల పని గాదు సార్, ఇద్దరు కష్టపడ్డరు.”

సుహాసిని కొంగుతో చేతులు తుడుచుకుంది. “నాకు మాత్రం ఎట్ల దిగుతదయ్యా? ఇరవై రెండేండ్లు అత్తమ్మ పక్కన కూసొని తిన్న. ఒండుడు బందు వెడితె నువ్వు బాధపడ్తవని ఒండిన.”

“నువ్వు ప్రేమతోని ఒండుతున్నవని నేను తిన్న.”

“ఏడ తిన్నవ్?”

మక్సూద్ ముఖం అటు తిప్పుకుని చాలాసేపు పైపు చుట్టాడు.

మరునాడు ఉప్మా చేసింది. రెండు పళ్లాలు పెట్టి, నా ఎదురుగా కూర్చుంది.

“ఉప్పెక్కువైంది,” అన్నాను.

“అయితె తినకు.”

తిన్నాను. నా గొంతు వంకే చూస్తూ, నేను మింగేదాకా ఆమె తన ముద్ద ఎత్తలేదు.